ఇంగ్లండులో పగిలిన ‘ఇండియన్ స్టోన్’ బండలు: ఇవి మన కడప రాయేనా?

ప్రశ్న (కడప నుంచి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలు వాళ్లు లెస్టర్‌లో పాత ఇల్లు కొన్నారు. పెరట్లో పరిచిన బండల్లో రెండు పగిలినాయి. ఇల్లు అమ్మినవాళ్లు ‘ఇండియన్ స్టోన్’ అని మాత్రం చెప్పిపోయినారు, బిల్లు లేదు. ‘మన కడప బండలే కదన్నా, రెండు పంపించు’ అంటాది. ఫోటోలో ఒక బండ ఆకుపచ్చగా, పక్కది వంగపండు రంగులో ఉంది. మన బండలు ఈ రంగుల్లో నేనెప్పుడూ చూడలేదు. ఇది ఏ రాయి, యాడ దొరుకుతాది?

జవాబు (యర్రగుంట్ల నుంచి)

అన్నా, ఫోటో చూసి రాయిని తేల్చొద్దు. తడిస్తే ఒక రంగు, ఎండితే ఇంకో రంగు. పగిలిన ముక్క చేతిలో ఉంది కదా, అంతకన్నా ఏం కావాల? పై ముఖం వదిలేసి పగిలిన అంచు చూడమను. బొటనవేలితో గట్టిగా రుద్దితే గరగరా తగిలి ఒకటీ అరా రేణువు రాలితే అది ఇసుకరాయి. మన కడప బండ నాపరాయి, పగిలిన చోట నున్నగా ఉంటాది, రేణువు కంటికి ఆనదు, మేకుతో గీస్తే తెల్లగీత పడతాది. ఇంకా అనుమానముంటే గీసిన పొడి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయమను. నాపరాయి సున్నపురాయి కాబట్టి సన్నగా బుడగలు లేస్తాయి. ఇసుకరాయికి మామూలుగా లేవవు.

మన రాయి ఇంగ్లండుకు పోదని కాదు. అక్కడ ‘బ్లాక్ లైమ్‌స్టోన్’ పేరుతో అమ్మేదాంట్లో మన కడప నల్లబండ ఉంది, మనం వంటింటి గట్టుకూ అరలకూ వేసుకునేదే. ఎండకూ వానకూ అది నలుపు తగ్గి బూడిదరంగుకు తిరుగుతాది గానీ వంగపండు రంగుకు తిరగదు. అన్నీ ఆకుపచ్చవే అయితే కోటా రాయేమో అనుకోవచ్చు, అదీ సున్నపురాయే. పచ్చ, గోధుమ, వంగపండు కలిసి ఉంటే మాత్రం రాజస్థాన్ ఇసుకరాయి. అక్కడ ‘రాజ్ గ్రీన్’ అంటారు. బూందీ, భిల్వాడా వైపు క్వారీల్లో పొరలు పొరలుగా ఉంటాది, ఉలితో విప్పుతారు. ఈ పేర్లన్నీ వ్యాపారులు పెట్టుకున్నవి. ‘కాండ్లా గ్రే’ అనే రాయి కాండ్లాలో తవ్వింది కాదు, కాండ్లా గుజరాత్‌లో రేవు. పేరు చూసి ఆర్డరు పెడితే లోడు లోడుకీ రంగు మారుతాది.

ఇక్కడినుంచి పంపే ఆలోచన మానుకోండి. 900×600 మిల్లీమీటర్ల కొలత, 22 మిల్లీమీటర్ల మందం బండ ఒక్కటే 28 కిలోల దాకా తూగుతాది.

కడప నుంచి మళ్లీ

చానా థ్యాంక్స్ అన్నా. చెల్లెలు చూసింది. అంచు గరుకుగా ఉందంట, బుడగలు రాలేదు, పక్కల మీద ఉలి దెబ్బలు కనిపిస్తాండాయంట. అయితే అక్కడి షాపులో ‘రాజ్ గ్రీన్’ కొత్తవి చూస్తే తేటగా, వేరే రాయి మాదిరి ఉన్నాయంటాది.

జవాబు (మాది ప్రొద్దుటూరు, ఉండేది బర్మింగ్‌హామ్)

కొత్త బండ పాతదాంతో కలవదండీ. ఏళ్ల తరబడి నాచు, మురికి పట్టి ఉంటాయి కదా. షెడ్డు పక్కనో, చెత్తడబ్బాల కిందో కనపడని మూల నుంచి రెండు పాత బండలు లేపి పగిలిన చోట వేయించండి, కొత్తవి ఆ మూలకు పోతాయి. కొలత, మందం తప్పకుండా సరిచూడాలి. పగిలిన ముక్కను షాపుకు తీసుకుపోయి, రెండిటినీ తడిపి పక్కపక్కన పెట్టి కొనండి. పాత బండలు అమ్మే యార్డులు కూడా ఇక్కడ ఉంటాయి, ముందు అక్కడే అడగమనండి.

మిగతా బండల మీద ఒకసారి తట్టి చూడమనండి. డొల్లగా మోగితే కింద మాలు నాలుగైదు ముద్దలుగా పెట్టి వదిలేసినట్టు, అవీ ఎప్పుడో ఒకప్పుడు పగులుతాయి. ఈసారి అడుగంతా మాలు పరిచి, బండ వెనక సిమెంటు పాలు పూసి వేయించండి. కడగడానికి యాసిడ్ వద్దు. ఈ రాళ్లలో ఇనుము ఉంటుంది, తుప్పు మరకలు తేలితే పోవు.

జవాబు (యర్రగుంట్ల నుంచి)

బర్మింగ్‌హామ్ అన్న చెప్పినట్టే చేయండి. బండ కోయాల్సి వస్తే నీళ్లు పోస్తూ కోయించండి, కోసే మనిషికి మంచి మాస్కు ఉండాల. ఇసుకరాయి దుమ్ములో సిలికా ఎక్కువ, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తాది. వస్తే నయం కాదు. రాజస్థాన్ క్వారీల్లో ఎంతోమంది ఈ జబ్బుతో పోయినారు. అక్కడి ప్రభుత్వం 2019లో దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

ఇంకొక మాట. బూందీ జిల్లా బుధ్‌పురాలో పిల్లల చేత రాళ్లు కొట్టిస్తాండారని చానా రిపోర్టులు వచ్చినాయి. మీరు కొనేది రెండు బండలే కావచ్చు, అయినా ఏ క్వారీ సరుకు, పిల్లలు పని చేయలేదని ఎవరు తనిఖీ చేసినారు అని షాపువాణ్ని అడగమను. తడుముకుంటే ఇంకో షాపుకు పోండి.