రెండో తరగతికే ఇంజినీరింగ్ డిజైన్ అవసరమా?

కావలి_నాన్న:
మా పాప రెండో తరగతి. మొన్న స్కూల్లో పాత కాగితాలతో వంతెన కట్టించారంట, ఇంటికొచ్చి “అడుగు, ఊహించు, ప్లాన్ వెయ్, తయారు చెయ్, మెరుగుపరచు” అని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. ఒత్తులు కూడా సరిగ్గా రాయలేని పిల్లలకి ఇప్పుడే ఇంజినీరింగ్ ఏంది? బడుల్లో పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు కూడా ఆరో తరగతి నుంచే కదా. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యమే మూడో తరగతి అయ్యేలోపు చదవడం, లెక్కలు రావాలని. ముందు అది చూడండి.

ఒంగోలు_టీచర్:
అన్నా, ఆ ఐదు మాటలు బోస్టన్ సైన్స్ మ్యూజియం వాళ్లు చిన్నపిల్లల కోసం తెచ్చినవి, బట్టీ పట్టించడానికి కాదు. నేను ఒకటో తరగతికి చార్టే పెట్టను. రెండు ఇటుకలు, మధ్యలో బెత్తెడు సందు, పైన ఒక నోటుబుక్కు కాగితం, గిన్నెలో చింతగింజలు, అంతే. కాగితం ఊరికే పరిస్తే ఐదో గింజకే కుంగిపోయింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల కాగితాన్ని విసనకర్రలాగా మడతలు పెట్టి పరిచింది, నలభై గింజలు పోసినా కదల్లేదు. మడతతో కాగితానికి ఎత్తొచ్చింది, అందుకే వంగలేదు, రేకుల షెడ్డు మీద రేకుకి వంకీలు ఉండేదీ ఇందుకే. మిగతా పిల్లలంతా తమవి తీసేసి మళ్లీ మడవడం మొదలుపెట్టారు. “ముందు 5, తర్వాత 40” అని పలక మీద రాశారు, ఎన్ని ఎక్కువో వాళ్లే తీసివేత చేసి చెప్పారు. ఇది లెక్క కాదా?

ఉదయగిరి_తమ్ముడు:
మనకి తాటిముంజల బండి ఎవరు నేర్పారు? పుల్ల వదులైతే బుర్ర ఊడేది, బిగుతైతే తిరిగేది కాదు, పంగలకర్రతో తోసి చూసి మళ్లీ చెక్కుకునేవాళ్లం. దీనికి పీరియడ్ ఎందుకు?

ఒంగోలు_టీచర్:
ఎన్ని బుర్రలు పాడుచేశాక తిరిగింది తమ్ముడూ? వేసవి సెలవులంతా టైమ్ ఉంది కాబట్టి కుదిరింది. స్కూలు, ట్యూషన్, హోంవర్కు మధ్య ఇప్పటి పిల్లలకి ఆ టైమ్ ఎక్కడుంది? అందుకే బడిలోనే ఇవ్వాలంటున్నా. రెండోసారి చెయ్యనివ్వకపోతే మాత్రం అసలు పెట్టొద్దు, ఒక్కసారి చేసి కూలిపోతే “నాకు రాదు” అన్నదే పిల్లకి మిగులుతుంది.

కావలి_నాన్న:
ఇప్పుడే పాపని అడిగా. వాళ్ల వంతెన పడిపోయిందంట, బెల్లు కొట్టేశారంట. నిలబడిన వాటికి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, మా పాపది అందులో లేదు.

ఒంగోలు_టీచర్:
అయితే రేపు వెళ్లి ఇంకో పీరియడ్ ఇమ్మని అడగండన్నా. ఈ రాత్రికి ఇంట్లో ఒక కాగితం, గుప్పెడు చింతగింజలు ఇచ్చి చూడండి, ఎట్లా మడవాలో మాత్రం చెప్పొద్దు.