పోర్టికో స్తంభాలకు చెక్క పట్టీల తొడుగు: వేయించవచ్చా, వద్దా?

విశాఖ గృహస్థు: సముద్రానికి దగ్గరలో ఉన్న మా ఇంటి పోర్టికోలో నాలుగు కాంక్రీటు స్తంభాలున్నాయి. వాటి చుట్టూ టేకు పట్టీలు నిలువుగా బిగిస్తే ఇంటికి నిండుదనం వస్తుందని డిజైనరుగారు అంటున్నారు. మేస్త్రీగారు మాత్రం స్తంభాన్ని మూయవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇంటీరియర్ వృత్తిదారు: వేయించమనే నా సలహా. మన మండువా లోగిళ్లలో వాన జల్లు తగిలే చోటనే చెక్క స్తంభాలు తరతరాలు నిలిచాయి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. పూత లేకపోతే ఎండకు పైపైన బూడిద రంగుకు తిరుగుతుంది గాని త్వరగా పుచ్చదు.

సివిల్ ఇంజనీరు: ఆ మండువా స్తంభం దగ్గరే నా అభ్యంతరం. అది తానే బరువు మోసేది, నాలుగు వైపులా కంటికి కనిపించేది; చెద పట్టినా పుచ్చినా ఇంటివారికి తెలిసిపోయేది. ఇక్కడ మీరు బరువు మోసే స్తంభాన్ని దాచబోతున్నారు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు ఊచ వెంబడి నిలువునా చిట్లుతుంది. తీరప్రాంతంలో ఆ సన్నని పగులే తొలి హెచ్చరిక. దాన్ని ఏళ్ల తరబడి తొడుగు కింద మరుగుపరచడం నాకు సమ్మతం కాదు.

బిగించే పద్ధతి ఇంకా పెద్ద సమస్య. కాంక్రీటు నిర్మాణాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం స్తంభంలోని నిలువు ఊచలపై సాధారణంగా కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి. వాటిని చుట్టిన రింగులు స్తంభం ఉపరితలానికి ఇంకా దగ్గరగా ఉంటాయి. పట్టీలను బిగించే సన్న చెక్క రీపర్ల కోసం 50 మిల్లీమీటర్ల లోతు రంధ్రాలు వరుసగా వేస్తే, ప్లాస్టరు మందం తీసివేసినా, డ్రిల్లు రింగుల దాకా పోయే అవకాశం ఉంది. ఉప్పు తేమకు మనమే దారి తీసినవాళ్లమవుతాం.

ఇంటీరియర్ వృత్తిదారు: రంధ్రాల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే రెండు సగాలుగా చేసిన అల్యూమినియం చట్రాన్ని, రబ్బరు మెత్తలు పెట్టి, స్తంభం చుట్టూ ఒకదానికొకటి బోల్టు చేయవచ్చు. అప్పుడు కాంక్రీటును తాకనక్కరలేదు. పట్టీలకు ఉప్పు గాలిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడి, గాలి ఆడేలా వెనుక ఖాళీ ఉంచి, చెదల మట్టి దారులు కనబడేలా నేల నుంచి రెండంగుళాలు ఎత్తి ఆపాలి.

సివిల్ ఇంజనీరు: అలాగైతే నా అభ్యంతరం చాలావరకు తీరుతుంది, ప్రతి ముఖాన ఒక పలక విప్పగలిగేలా ఉండాలన్నది తప్ప. గృహస్థుగారూ, ముందుగా నాలుగు స్తంభాలనూ చిన్న సుత్తితో పై నుంచి కింది దాకా తట్టించండి. గుల్ల శబ్దం వచ్చిన స్తంభానికి మరమ్మతు పూర్తయ్యే దాకా టేకు కొనవద్దు.