మంచుకు ఉబ్బే నేలలో సబ్‌వే – ఎవరైనా చేశారా?

తిరుచానూరు_డ్రాఫ్ట్స్‌మన్: తిరుపతిలో కూర్చుని కెనడా ప్రాజెక్టుకు డ్రాయింగులు గీస్తున్నా. రోడ్డు కింద జనం నడిచే సబ్‌వే, 3 మీటర్ల వెడల్పు బాక్సు. కింద అంతా సిల్టు (ఇసుక కంటే సన్నం, బంకమట్టి కంటే ముతక మట్టి), భూమిలో నీటిమట్టం పైకే ఉంది. బాక్సు కింద ఏం వేయాలి? మెట్ల దగ్గర జాయింటు ఎలా? లైటింగ్ గురించి కూడా చెప్పండి.

రేణిగుంట_కాంక్రీట్: దీనికి టెన్షన్ ఎందుకన్నా. నీళ్లు ఐసైతే 9 శాతం పెరుగుతాయి. ఫ్రీజర్‌లో సీసా పగిలినట్టే. రాఫ్టు (అడుగున వేసే కాంక్రీట్ పలక) మందం పెంచి పడెయ్.

చలిదేశం_చిత్తూరోడు: పడెయ్యడమేంది సామీ! ఆ 9 శాతమే అయితే మీటరు మట్టి నాలుగు సెంటీమీటర్లు కూడా లేవదు. వత్తి నూనె లాగినట్టు గడ్డకట్టే చోటికి కింది నీళ్లు ఎక్కుతాయి, ఐసు పొర మీద పొర పేరుకుంటుంది. లేపేది అదే. టేబర్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త 1930లోనే నీళ్లకు బదులు బెంజీన్ పోసి చూపించాడు. బెంజీన్ గడ్డకడితే కుంచించుకుపోతుంది, అయినా మట్టి లేచింది.

రేణిగుంట_కాంక్రీట్: 22 ఏళ్లుగా సైట్లోనే ఉన్నా. బెంజీన్ పోసి నాకు పాఠాలు చెప్పొద్దు.

పలమనేరు_పిల్లోడు: మా ఇంట్లో సీసా నిజంగానే పగిలింది. అమ్మ ఇంకా తిడుతోంది.

కొర్లగుంట_కామన్‌మ్యాన్: మంచు సంగతి తర్వాత. మా పక్క రైలు పట్టాల కింద దారి ఉంది. 2021 నవంబరు వానలకు నా బండి అక్కడే మునిగింది. సంపు ఉంది, మోటారు ఉంది. స్టార్టర్ బోర్డు మాత్రం గుంతలోనే బిగించారు! ముందు మునిగేది అదే.

రేణిగుంట_కాంక్రీట్: అది ఎలక్ట్రికల్ వాళ్ల తప్పు. సివిల్‌ను అనొద్దు.

కొర్లగుంట_కామన్‌మ్యాన్: బండి రిపేరు బిల్లు ఎవరికి పంపమంటావు మరి?

రేగడి_రెడ్డి: మా నల్లరేగడి కూడా ఉబ్బుతుంది కదా. దానికి చేసేదే దీనికీ చేయండి.

చలిదేశం_చిత్తూరోడు: రెడ్డన్నా, రేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇది వేరే. బంకమట్టిలో నీళ్లు మెల్లగా కదులుతాయి, ఇసుక పైకి లాగలేదు. మధ్యలో ఉన్న సిల్టే అసలు దొంగ.
డ్రాఫ్ట్స్‌మన్ తమ్ముడూ, లోతులో ఉంది కదా అని ధైర్యపడొద్దు. రెండు వైపులా నోరు తెరిచిన సబ్‌వేలోకి చలిగాలి దూరి ఫ్లోరు కింది మట్టినీ గడ్డకట్టించేస్తుంది. చలి ఎంత లోతుకు దిగుతుందో ఫ్లోరు నుంచి కూడా లెక్కపెట్టు. సిల్టు తీసేసి, సన్నమట్టి లేని కంకర నింపి, చలి దిగకుండా ఫ్లోరు కింద గట్టి ఫోమ్ షీట్లు పరుచు. గోడల పక్కన కూడా కంకరే. లేదంటే పక్క మట్టి గడ్డకట్టి, గోడను కరుచుకుని పైకి లాగుతుంది. మా సైట్లో మొదటి చలికాలమే మెట్లు బొటనవేలంత లేచాయి. బాక్సు బరువు, కదల్లేదు. మధ్యలో ఇనుప గేటు బిగుసుకుపోయి, కటింగ్ మిషన్‌తో కోశాం. మెట్లను బాక్సుకు కట్టెయ్యొద్దు, జాయింటు వదులు.

రేణిగుంట_కాంక్రీట్: కంకర వేయమని నేనూ చెప్పేవాణ్ణే. అడగలేదు.

తిరుచానూరు_డ్రాఫ్ట్స్‌మన్: థ్యాంక్స్ అన్నా. లైటింగ్ గురించి ఎవరైనా…

కొర్లగుంట_కామన్‌మ్యాన్: స్విచ్ బోర్డు పైన పెట్టు నాయనా.

రేగడి_రెడ్డి: పలమనేరు తమ్ముడూ, పగిలింది గాజు సీసానా, ప్లాస్టిక్‌దా?