అడగని పనులకు బిల్లు: నాన్నగారి కారు సర్వీసింగ్ విషయంలో సలహా కావాలి

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నారు. మూడేళ్ల క్రితం ఒక చిన్న పెట్రోలు కారు కొన్నారు. అది ఇప్పటికి 28,000 కిలోమీటర్లు తిరిగింది. కొన్నది విజయవాడలో కనుక, సర్వీసింగ్‌కు కూడా కాజ టోల్‌గేటు దాటి ఇక్కడి డీలరు వర్క్‌షాపుకే తీసుకువస్తారు. గత నెల అలాగే తెచ్చారు. ముందురోజు ఫోనులో అడిగితే 6,800 రూపాయల దాకా అవుతుందని చెప్పారు. సాయంత్రం చేతికి వచ్చిన బిల్లు 14,250 రూపాయలు.

పెరిగిన 7,450 రూపాయల్లో ఇంజిన్ ఫ్లష్‌కు (ఇంజిన్ లోపలి మడ్డిని కడగడానికి) 750, ఇంజెక్టర్ క్లీనింగ్‌కు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలను శుభ్రం చేయడానికి) 1,650, ఏసీ క్లీనింగ్‌కు 1,450, అండర్‌బాడీ కోటింగ్‌కు (తుప్పు పట్టకుండా కారు అడుగున వేసే పూతకు) 3,600 వేశారు. వీటిలో ఏదీ నాన్నగారు అడిగినది కాదు. పదకొండు గంటలకు సర్వీస్ అడ్వైజర్ ఫోను చేసి, ఇవి చేయించకపోతే రేపు వారంటీ విషయంలో ఇబ్బంది రావచ్చని అన్నాడట. "మీకు తెలిసిన పని కదా బాబూ, అవసరమైతే చేయండి" అన్నారట ఈయన. ఎదుటివాడి మాట మీద నమ్మకముంచి మాట్లాడే తరం అది.

బిల్లు అడుగున "ముందు బ్రేకు ప్యాడ్లు త్వరలో మార్చాలి" అని కూడా రాశారు. నాకు అనుమానం వచ్చి మర్నాడు ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన ఎడమవైపు ముందు చక్రం విప్పి, ప్యాడ్‌కు వెర్నియర్ (మందం కొలిచే పరికరం) ఆనించి నన్నే చదవమన్నారు. 7 మిల్లీమీటర్లు ఉంది. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు మార్చుకుంటే చాలని, ఇప్పటి తిరుగుడుకు ఇంకో రెండేళ్లయినా వస్తాయని చెప్పి, చక్రం బిగించినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు.

డబ్బు పోయినందుకు నాకు బాధ ఉంది. అంతకంటే, ఇంటికి వెళ్లిన తరువాత నాన్నగారు ఆ బిల్లును ముందు పెట్టుకుని నాలుగుసార్లు కూడి చూసుకున్నారని అమ్మ చెప్పినప్పుడు ఎక్కువ కష్టమనిపించింది. కూడికలో తప్పేమీ లేదు.

ఈ నాలుగు పనుల్లో నిజంగా అవసరమైనవి ఏవి? వద్దంటే వారంటీ పోతుందన్నది నిజమేనా? పెద్దవారు ఒంటరిగా వెళ్లినప్పుడు ఏం చేయాలి? కట్టిన డబ్బు గురించి ఇప్పుడు అడగవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (గుణదల, విజయవాడ)

నమస్కారమండీ. నేను ఇదే ఊళ్లో ఒక వర్క్‌షాపులో ఐదేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేసి, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను. కనుక కౌంటరుకు అవతలి వైపు జరిగేది చెబుతాను.

ఉదయం తొమ్మిదికీ పదకొండుకూ మధ్య ఒక్కొక్క అడ్వైజర్ పది పన్నెండు కార్లు తీసుకునేవాళ్లం. ప్రతి నెలా మాకు ఒక టార్గెట్ ఉండేది. అది ఆయిలు మార్పుల మీద కాదు, వాటి పైన అమ్మే అదనపు పనుల మీద. వాటిని మేము 'వీఏఎస్' అనేవాళ్లం, అంటే వాల్యూ యాడెడ్ సర్వీసులు. జీతం తక్కువ, ఇన్సెంటివ్ అంతా అక్కడే. ఏ అడ్వైజర్ కారుకు సగటున ఎంత వీఏఎస్ చేశాడన్నది ప్రతి ఉదయం మీటింగులో చదివి వినిపించేవారు. మీ నాన్నగారి వయసువారితో నేను కూడా ఆ వారంటీ మాట అన్న రోజులున్నాయి, అది తప్పని తెలిసే అన్నాను. ఇప్పుడు మీ ప్రశ్న చదువుతుంటే ఆ ముఖాలు గుర్తుకు వచ్చాయి.

కారుతో ఇచ్చిన యజమాని పుస్తకం తీయండి. చివరి భాగంలో మెయింటెనెన్స్ షెడ్యూలు అనే పట్టిక ఉంటుంది. పైన కిలోమీటర్లు, నెలలు ఉంటాయి. రెండింటిలో ఏది ముందు వస్తే అది లెక్క. కిందికి ఒక్కొక్క భాగానికి ఎదురుగా ఒక అక్షరం ఉంటుంది. చాలా కంపెనీల పుస్తకాల్లో 'ఆర్' అంటే మార్చమని, 'ఐ' అంటే పరీక్షించి చూడమని అర్థం. అసలు కిటుకంతా ఈ రెండు అక్షరాల మధ్యనే ఉంది. పుస్తకంలో 'ఐ' ఉన్నచోట వర్క్‌షాపు నోటి మాటతో 'ఆర్' అవుతుంది. పరీక్షించమన్నది మార్చమన్నట్టుగా చెబుతారు, బ్రేకు ప్యాడ్ల విషయంలో మీకు జరిగింది అదే. పట్టికలో అసలు పేరే లేనివి మూడో రకం. మీ బిల్లులోని నాలుగు పనులను ఆ పట్టికలో వెతికి చూడండి, ఒకటి కూడా కనిపించకపోవచ్చు.

సమయానికి ఆయిలు మారుస్తున్న మూడేళ్ల కారుకు ఇంజిన్ ఫ్లష్ అవసరం లేదు. ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నది లక్షణాన్ని బట్టి చేసే పని: బండి నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ వణకడం, మైలేజీ ఉన్నట్టుండి పడిపోవడం, యాక్సిలరేటర్ తొక్కితే తడబడడం వంటివేవీ లేకపోతే దానితో పని లేదు. ఏసీ నుంచి వాసన వస్తున్నా, గాలి సరిగా రాకున్నా ముందు చూడవలసింది క్యాబిన్ ఫిల్టరు. ఎక్కువ కార్లలో అది ఎడమవైపు గ్లోవ్ బాక్సు వెనుక ఉంటుంది, చేత్తోనే తీయవచ్చు. మన వేసవిలో, మన దుమ్ములో అది తొందరగా నల్లబడుతుంది. అడ్వైజర్లు దాన్ని చేత్తో పట్టుకువచ్చి చూపిస్తారు. అది చూసి భయపడి మొత్తం ఏసీ క్లీనింగ్‌కు ఒప్పుకునేవారిని ఎందరినో చూశాను. ఫిల్టరు మార్చి, వాసన పోలేదంటే అప్పుడు ఆలోచించండి. అండర్‌బాడీ కోటింగ్ మచిలీపట్నం, బాపట్ల వైపు ఉప్పుగాలిలో నిత్యం నిలిచే కారుకైతే కొంత మేలు చేస్తుంది. గుంటూరులో ఇంటి షెడ్డులో ఉండే కారుకు 3,600 పెట్టవలసిన పని నాకు కనిపించదు. అన్నట్టు, ఆ కోటింగ్ నిజంగా వేశారో లేదో ఒకసారి లిఫ్ట్ మీద పెట్టించి చూడండి.

వారంటీ మాటకు వస్తే, షెడ్యూలులో ఉన్న పనులు సమయానికి చేయించి బిల్లులు దాచుకోవాలి. షెడ్యూలులో లేని పనిని వద్దన్నందుకు వారంటీ పోదు. ఎవరైనా పోతుందంటే, ఆ మాటను కాగితం మీద రాసి సంతకం చేయమనండి. నా ఐదేళ్లలో అలా రాసిచ్చినవారిని చూడలేదు.

ఇక పెద్దవారు వెళ్లినప్పుడు. ఫోనులో వాదించడం ఎవరికైనా కష్టమే, కాబట్టి పొద్దున్నే జాబ్ కార్డు (కారు ఇచ్చేటప్పుడు చేయవలసిన పనులు రాసే కాగితం) దగ్గర పని ముగించాలి. దాని మీద అంచనా మొత్తం రాసిన తరువాతే సంతకం పెట్టాలి. ఖాళీ జాగాలో సొంత చేతిరాతతో "పైన రాసిన పనులు తప్ప మరేదీ నా రాతపూర్వక అనుమతి లేకుండా చేయరాదు; మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి" అని రాసి, ఫోనుతో ఒక ఫొటో తీసుకోవాలి. ఈ వాక్యం ఉన్న కార్డు ఫ్లోరు మీదికి వెళితే, ఆ కారు జోలికి వీఏఎస్ కోసం మేము వెళ్లేవాళ్లం కాదు. వేరే కారు చూసుకునేవాళ్లం.

రెండో జవాబు (అరండల్‌పేట, గుంటూరు)

పై జవాబుకు చట్టం వైపు నుంచి కొంత చేర్చాలనుకుంటున్నాను; నేను గుంటూరులో న్యాయవాదిని. ఫోనులో మీ నాన్నగారు సరే అన్నారు కనుక, అడగకుండా చేశారని వాదించడానికి లేదు. వారంటీ పేరుతో తప్పు సమాచారమిచ్చి ఒప్పించారన్నదే మీ ఫిర్యాదు కావాలి. ముందుగా సర్వీస్ మేనేజరుకూ, కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఒకే ఈమెయిలు పంపండి. అందులో బిల్లు, జాబ్ కార్డు, షెడ్యూలు పేజీ ఫొటో జతచేసి, ఈ నాలుగు పనులు ఏ పేజీ ప్రకారం అవసరమయ్యాయో చూపమని అడగండి. ఆవేశపు మాటలు వద్దు, ఆ ఒక్క ప్రశ్న చాలు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వర్క్‌షాపు విజయవాడలో ఉన్నా మీ నాన్నగారు గుంటూరులోనే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉన్న ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.

బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందన్న భయం గురించి కూడా ఒక మాట. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (వ్యాపారంలో పోటీ న్యాయంగా ఉండేలా చూసే సంస్థ) 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. అసలు విడిభాగాలు, లోపాలను కనిపెట్టే పరికరాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేశారన్నది ఆరోపణ. బయట మరమ్మతు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే షరతు పెట్టరాదని ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కనుక దాన్నే పట్టుకుని కౌంటరు దగ్గర వాదించమని చెప్పను. వారంటీ ఉన్నంతకాలం షెడ్యూలు సర్వీసు డీలరు దగ్గరే చేయించడం క్షేమం.

మూడో జవాబు (అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ)

ఇక్కడ చెప్పినదంతా నిజమే కానీ, వర్క్‌షాపువారు చెప్పిన ప్రతిదీ అబద్ధమనే అభిప్రాయానికి రావద్దని కోరుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా కారు చక్రాలు మునిగేంత నీళ్లలో మూడు రోజులు ఉంది. అదృష్టవశాత్తూ స్టార్ట్ చేయలేదు. వర్క్‌షాపులో గేరు ఆయిలు, బ్రేకు ఆయిలు, చక్రాల బేరింగులు చూడాలన్నారు. అప్పటికే ఇంట్లో సామానంతా పోయి ఉన్న మాకు అది మరో దోపిడీలా తోచి, బ్రేకు ఆయిలు వద్దన్నాను. డిసెంబరులో దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లి ఘాట్ దిగుతుండగా పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోయింది. కారులో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకుతో ఒక మలుపు పక్కన ఆపుకోగలిగాను.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, కానీ తేమ చేరితే 140 దగ్గరే మరగవచ్చు. మరిగితే బుడగలు వస్తాయి, పెడల్ తొక్కినా పట్టు ఉండదు. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకొకసారి మార్చమని షెడ్యూలులోనే పెడతాయి. మీ నాన్నగారి కారుకు మూడేళ్లు నిండాయి కనుక, అది ఎప్పుడైనా మార్చారేమో పాత బిల్లుల్లో చూడండి. 3,600 రూపాయల కోటింగ్ వేసి, కొద్ది వందల్లో అయ్యే ఈ పనిని వదిలేసి ఉంటే దాన్ని గట్టిగా అడగాలి.

ప్రశ్న అడిగినవారి జవాబు (పటమట, విజయవాడ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. షెడ్యూలు పేజీ తీసి చూశాను, నాలుగింటిలో ఒక్కటీ లేదు. బ్రేకు ఆయిలు రెండేళ్లకు మార్చాలని ఉంది. మూడు బిల్లుల్లో ఎక్కడా అది మార్చినట్టు లేదు. ఈమెయిలులో ఈ రెండు విషయాలూ రాశాను. నాలుగో రోజు మేనేజరు ఫోను చేసి, ఫ్లష్‌కూ ఇంజెక్టర్లకూ తీసుకున్న 2,400 రూపాయలు తిరిగి ఇస్తామన్నారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది. బ్రేకు ఆయిలు కూడా మార్చి ఇచ్చారు. ఆ రోజు లిఫ్ట్ మీద చూస్తే కోటింగ్ చక్రాల పక్కన మాత్రమే నల్లగా ఉంది, మధ్య భాగమంతా పాత దుమ్ముతోనే ఉంది. ఫొటోలు తీశాను. దాని గురించి వారు ఇంకా ఏమీ తేల్చలేదు కనుక నిన్న 1915లో ఫిర్యాదు నమోదు చేశాను.

నాన్నగారు యజమాని పుస్తకంలోని పట్టికను తన నోటుబుక్కులో తెలుగులో తిరగరాసుకున్నారు. స్కేలుతో గళ్లు గీసి, మార్చవలసిన వాటికి ఎర్ర సిరా, చూడవలసిన వాటికి నీలి సిరా వాడారు. జాబ్ కార్డు మీద రాయవలసిన వాక్యాన్ని అట్ట లోపలివైపు రాసిపెట్టుకున్నారు. వచ్చేసారి నేను సెలవు పెట్టి వస్తానంటే, "అక్కర్లేదమ్మా, నేనే అడుగుతాను" అన్నారు.