బాక్స్‌లోనే రికార్డింగా, విడిగా రికార్డరా?

మలక్‌పేట ప్రేక్షకుడు:
కేబుల్ బాక్స్ పాడైతే ఆపరేటర్ వేరేది ఇచ్చి పోతాడు. పాతదాంట్లో రికార్డు చేసుకున్న పెన్‌డ్రైవ్ కొత్తదానికి పెడితే ఫైళ్లు కనిపిస్తాయి గానీ ఆడవు. కంప్యూటర్లోనూ ఆడవు. నెలనెలా డబ్బు కట్టి చూసింది దాచుకునే హక్కు ఉండదా? విడిగా డీవీఆర్, అంటే టీవీ రికార్డర్, పెట్టుకోవడమే మేలంటాను. కాదంటే కారణం చెప్పండి.

సిగ్నల్ స్ట్రెంత్:
పెన్‌డ్రైవ్ తప్పేం లేదండీ. రాసేటప్పుడే ఫైలుకు తాళం పడుతుంది, తాళంచెవి ఆ బాక్స్‌లోనే ఉండిపోతుంది. అదే మోడల్ బాక్స్ ఇంకోటి తెచ్చినా దాని చెవి వేరు. అయినా మీ వాదన ఒప్పుకోను. బాక్స్ రికార్డింగులో ప్రసారం వచ్చింది వచ్చినట్టే డిస్కులోకి దిగుతుంది, బొమ్మ నాణ్యత తగ్గదు. సెకనుకు 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానల్ అయితే గంటకు 3.6 జీబీ.

రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంటే ముందు కరెంటు చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. హార్డ్‌డిస్క్ తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతుంది. టిక్కుటిక్కుమంటూ డిస్క్ కనిపించి మాయమవుతుంటే చెడిందని పారేయకండి, సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి చూడండి.

గుజరాతీ గల్లీ:
మలక్‌పేట అన్న మాటే నాది, కానీ ఏ డీవీఆర్ పడితే అది నడవదు. పాత రికార్డర్లల్ల ఉన్నది అనలాగ్ ట్యూనర్, పాత తరహా సిగ్నల్ మాత్రమే పడతది. 2013 మార్చి 31 గడువు పెట్టి హైదరాబాద్ కేబుల్‌ను డిజిటల్ చేసినంక దానికి పనే లేదు. బాక్స్ నుంచే తీసుకోవాలె. హెచ్‌డీఎంఐ పెడితే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ అడ్డమొచ్చి నల్ల తెర రికార్డయితది. మిగిలింది ఏవీ అవుట్: పసుపు బొమ్మకు, తెలుపు ఎరుపు సౌండుకు. బాక్స్ సెట్టింగ్‌ల వీడియో మన దేశపు పద్ధతి పాల్ (PAL) మీదనే ఉండాలె, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ ఉంటే బొమ్మ రంగు పోతది, లేకుంటే దొర్లుతది.

576 లైన్లే వస్తయి, హెచ్‌డీ రాదు, ఒప్పుకుంటా. కానీ టీవీల పిల్ల పాడిన ప్రోగ్రాం పదేండ్లకు చూస్కోవాలంటే, ఆడని హెచ్‌డీ ఏం చేసుకుంటం?

సిగ్నల్ స్ట్రెంత్:
మరి టైమర్ సంగతి? రికార్డర్‌కు ఛానల్ మార్చడం తెలియదు, రెండు చోట్లా టైమర్ పెట్టాలి. మధ్యలో కరెంటు పోయి వస్తే కొన్ని బాక్సులు స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి, రికార్డర్ రెండు గంటలు ఖాళీ తెర రాసిపెడుతుంది.

గుజరాతీ గల్లీ:
నిజమే. ఆటో స్టాండ్‌బై ఆఫ్ చెయ్యాలె, బాక్స్, రికార్డర్ రెండూ ఒక్క యూపీఎస్ మీద పెట్టాలె. ఐఆర్ బ్లాస్టర్ (రిమోట్ లెక్క సిగ్నల్ పంపేది) ఉన్న రికార్డర్ అయితే దాని బల్బు బాక్స్ సెన్సర్ ముందర అతికిస్తే ఛానల్ అదే మారుస్తది. మన బాక్స్ రిమోట్ కోడ్ అందుల ఉండాలె, అది కొనకముందే అడగాలె.

మలక్‌పేట ప్రేక్షకుడు:
ఆపరేటర్ మారినా అదే బాక్స్ పనిచేసేలా ఉండాలని 2020 ఏప్రిల్‌లో టెలికాం, కేబుల్ నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది కదా. అది అమలైతే ఈ గొడవ తీరదా?

సిగ్నల్ స్ట్రెంత్:
అది ప్రసారానికి వేసిన తాళం సంగతి. డిస్కులో ఫైలు తాళం వేరు. ఆపరేటర్‌ను మార్చినా బాక్స్ మీ దగ్గరే ఉంటుంది, అంతవరకు లాభం. బాక్స్ కాలిపోతే మాత్రం రికార్డింగులూ పోయినట్టే. పిల్ల పాట లాంటివి ఏవీలోనే తీసుకోమంటాను, ఆ మాటకు గుజరాతీ గల్లీ గారితో పేచీ లేదు.

మలక్‌పేట ప్రేక్షకుడు:
ఇప్పటి చిన్న బాక్సులకు మూడు రంగుల సాకెట్లు ఎక్కడున్నాయి? ఒక్క 3.5 ఎంఎం రంధ్రమే. కేబుల్ పెడితే బొమ్మ రాదు, గుయ్‌మని మోత.

గుజరాతీ గల్లీ:
ఆ పిన్ను మీద మూడు నల్ల గీతలు, నాలుగు ముక్కలుంటయి. గ్రౌండ్ ఒక కేబుల్‌ల మూడో ముక్క మీద ఉంటది, ఇంకోదాంట్ల చివరి ముక్క మీద. ముందుగాల మూడు ప్లగ్గులనూ రికార్డర్ పసుపు సాకెట్‌ల ఒక్కొక్కటి పెట్టి చూడు అన్నా. ఎర్రదాంట్ల బొమ్మొస్తే రంగులు తారుమారైనయంతే, అట్లనే వాడుకో. ఏదాంట్లనూ సరిగ రాకుంటే గ్రౌండ్ తేడా, కేబుల్ మార్చాలె. కోఠికి పోయేటప్పుడు బాక్స్ గూడ పట్టుకపో, దుకాణంల పెట్టి చూసినంకనే పైసలియ్యి.