షుగర్ సెన్సర్ రీడింగులని గుడ్డ మీద కుట్టాలని ఉంది, ఎవరైనా ఇలాంటివి చేశారా?

దారపుఉండ:
అందరికీ నమస్తే. నాకు టైప్ 1 షుగర్, చిన్నప్పట్నుంచీ ఇన్సులిన్ మీదే. ఇప్పుడు చేతికి సెన్సర్ పెట్టుకుంటున్నా, అది పావుగంటకో రీడింగ్ చొప్పున రోజుకి 96 దాచిపెడుతుంది. డాక్టర్ గారేమో మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, ఆ ఒక్క అంకె చూసి "బాగుందమ్మా, ఇలాగే మెయింటెయిన్ చెయ్యి" అంటారు. కానీ ఆ అంకెలోనే తెల్లవారుజామున 52కి పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టి చక్కెర డబ్బా మూత తీయడానికి వేళ్ళు రాని రాత్రి ఉంది, పెళ్ళి భోజనం తర్వాత 310కి ఎక్కి సాయంత్రం దాకా దిగని రోజూ ఉంది, రెండూ కలిపేసరికి అంతా మామూలుగా కనిపిస్తుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అందుకే ఒక్క రీడింగ్ కూడా వదలకుండా కుట్టాలని పట్టుదలగా ఉంది. క్రాస్ స్టిచ్ బాగా వచ్చు, నేత, కంప్యూటర్ వర్క్ గురించి తెలీదు. ఇంట్లో వాళ్ళు "జబ్బుని ఎవరైనా గోడకి తగిలించుకుంటారా" అంటున్నారు. ఎలా మొదలుపెట్టమంటారు?

నీలిగోరింట:
గోడకి కాదండి, ఏకంగా మ్యూజియంలోనే పెట్టారు, ఇంట్లో వాళ్ళకి ఇది చూపించండి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 'క్రేడిల్ టు గ్రేవ్' అని 2003 నాటి పని ఒకటుంది, సూజీ ఫ్రీమన్ అనే టెక్స్‌టైల్ ఆర్టిస్టు, డేవిడ్ క్రిచ్లీ అనే వీడియో ఆర్టిస్టు, లిజ్ లీ అనే డాక్టరు ముగ్గురూ కలిసి చేశారు. సన్నటి వలలాంటి అల్లిక, అల్లుతూ అల్లుతూ ఒక్కో మాత్రనీ ఒక్కో బుల్లి జేబులో పెట్టి మూసేశారు. మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి, రెండు పొడవాటి గుడ్డలు, ఒక్కోదాంట్లో 14,000కి పైగా మాత్రలు, బ్రిటన్‌లో ఒక మనిషికి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా డాక్టర్లు సగటున రాసే మందులన్నమాట. పక్కనే ఫొటోలు, సామాన్లు పెట్టారు. నాకు అందులో నచ్చిందేంటంటే దూరం నుంచి చూస్తే అందమైన జాలీ గుడ్డ, దగ్గరికెళ్తే ఒక్కో మాత్రా విడిగా కనపడుతుంది. మీరు అడుగుతున్నదీ అదే కదా.

కంప్యూటర్ వర్క్ అన్నారు కాబట్టి ఇంకొకటి, లారా స్ప్లాన్ 2004లో మెషిన్ ఎంబ్రాయిడరీతో లేసు డాయిలీలు చేసింది, టేబుల్ మీద వేసుకునే గుండ్రటివి, డిజైన్ మాత్రం హెచ్‌ఐవీ, సార్స్, ఫ్లూ వైరస్‌ల ఆకారం.

మీకైతే నా సలహా క్రాస్ స్టిచ్చే. 14 కౌంట్ ఐడా క్లాత్ తీసుకోండి, అంటే క్రాస్ స్టిచ్ కోసమే గళ్ళుగళ్ళుగా నేసిన గుడ్డ, అంగుళానికి 14 కుట్లు, రోజుకొక వరస అనుకుంటే 96 కుట్లకి ఏడంగుళాల లోపే వెడల్పు, 90 వరసలకి ఆరున్నర అంగుళాల దాకా ఎత్తు. అంటే డాక్టర్ గారు చెప్పే ఆ ఒక్క అంకె మీ చేతిలో 8,640 కుట్లు అవుతుంది. 54 కింద ముదురు ఎరుపు, 54 నుంచి 70 లోపు లేత ఎరుపు, 70 నుంచి 180 ఒక రంగు, పైన ఇంకో రెండు, యాంకర్ దారం లచ్చీలు చాలు. సెన్సర్ ఊడిపోయిన గంటలు ఉంటాయిగా, అక్కడ కుట్టకుండా ఖాళీ గుడ్డ వదిలెయ్యండి, దయచేసి అందాజాగా నింపొద్దు.

పడుగుపేక:
అక్కా, మాది పోచంపల్లి వైపు, ఇంట్లో మగ్గం ఉంది. మీది చిటికి పనికి, అదే ఇక్కత్‌కి కూడా బాగా కుదురుతుంది. మేం ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకుని ఆ గళ్ళ లెక్క ప్రకారం దారానికి రబ్బరు పీలికలు కట్టి రంగులో ముంచుతాం, కట్టిన చోట రంగు ఎక్కదు. మీ రీడింగులు గ్రాఫ్ మీదికి ఎక్కితే పేక దారానికి, అంటే అడ్డంగా నేసే దారానికి కట్టొచ్చు. అయితే కట్టు కిందికి కొంచెం రంగు పాకుతుంది కాబట్టి అంచులు కత్తిరించినట్టు రావు. సెన్సర్ కూడా రక్తంలోది కాకుండా కణాల మధ్య నీటిలో షుగర్ చూస్తుంది, కొన్ని నిమిషాలు వెనకపడుతుంది అంటారు, కాబట్టి చెదిరిన అంచే నిజానికి దగ్గరేమో.

ఇంకో మాట. ఒంటి నొప్పి మా పనిలో కొత్తేం కాదు. ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సర్దాలంటే, ఒక్క చీరకి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, మా అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవదు. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్ళ అమ్మ పడే బాధ చూడలేకనే 1999లో ఆసు యంత్రం చేశారు, ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీరు చేసేది ఆయన మెచ్చే పనే అనిపిస్తోంది నాకు.

తీగరాగం:
లైట్లు పెట్టే ఆలోచన ఉంటే నేను సాయం చేస్తా. కరెంటు పారే దారం దొరుకుతుంది, స్టీలుది, మామూలు సూదితోనే కుట్టొచ్చు, గుడ్డ మీద కుట్టే లిలీప్యాడ్ బోర్డు కూడా ఉంది. 1997లో ఎంఐటీలో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్థ్ గుడ్డమీద సర్క్యూట్లు చేసినప్పుడు వాడింది మన దేశంలో నేసే జరీ ఆర్గంజానే, ఆ లోహపు రేకు చుట్టిన దారంలో కరెంటు పారుతుందని. 54 కిందికి పోయిన కుట్ల దగ్గర మాత్రమే చిన్న ఎల్‌ఈడీలు పెట్టండి, మిగతాదంతా దారమే ఉండనివ్వండి.

దారపుఉండ:
చదువుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, అందరికీ థాంక్స్. లైట్లు ప్రస్తుతానికి వద్దులెండి, రాత్రిపూట అలారం మోత చాలు నాకు. ముందు క్రాస్ స్టిచ్ మొదలుపెడతా, ఖాళీలు ఖాళీగానే వదిలేస్తా. పడుగుపేక తమ్ముడూ, మూడు నెలల గ్రాఫ్ పంపిస్తే ఒక చిన్న పేక ముక్క ఎంతవుతుందో అమ్మనడిగి చెప్తావా? ఆమె చెయ్యి నొప్పెట్టకుండా ఉంటేనే సుమా.