డీఎంఏకి ‘ప్రాప్తి’ అతకడం లేదు, మంచి మాట చెప్పండి

పాలిటెక్నిక్ పిల్లలకి తెలుగులో నోట్సు రాస్తున్నాను. డైరెక్ట్ మెమరీ యాక్సెస్ (డీఎంఏ, అంటే ప్రాసెసరు మోయకుండానే డేటా మెమరీకి చేరే పద్ధతి) దగ్గర కలం ఆగిపోయింది. ‘ప్రత్యక్ష స్మృతి ప్రాప్తి’ అని రాస్తే, ‘ప్రాప్తం ఉంటేనే దొరుకుతుందా సార్?’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ పిల్ల అనుమానంలో తప్పేం లేదు.

జవాబు: మాస్టారూ, ‘ప్రత్యక్షం’ అన్నా ‘నేరుగా’ అన్నా దారి సంగతే తెలుస్తుంది. ఇక్కడ తెలియాల్సింది మోత ఎవరిది అన్నది. పాత పద్ధతిలో డిస్కు ఇచ్చిన డేటాని 2 బైట్ల చొప్పున ప్రాసెసరే మోసి మెమరీలో పెట్టేది. ఒక్క పేజీ (మెమరీని పంచుకునే ఒక ముక్క) 4,096 బైట్లు, అంటే 2,048 తిరుగుళ్ళు. డీఎంఏ వచ్చాక ఆ మోత వేరేవాళ్ళది. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇందుకోసమే ఇంటెల్ 8237 చిప్పు ఉండేది. ఇప్పటి ఎన్‌వీఎంఈ అనే వేగమైన డిస్కు డ్రైవుల్లో లోపలి కంట్రోలరే (డ్రైవుని నడిపించే చిప్పు) ఆ పని చేస్తుంది.

మోసేవాళ్ళకి మన విశాఖలో మాట ఉండనే ఉంది కదా, కళాసీ! బెజవాడలో ముఠా కూలీ, హైదరాబాదులో హమాలీ, మనకి కళాసీ. మా నాన్నగారు హార్బరులో షెడ్డు గుమస్తా. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు చూసేదాన్ని. చీటీ మీద నాలుగే రాసేవారు: ఎక్కడి నుంచి, ఏ షెడ్డుకి, ఎన్ని బస్తాలు, దిగుమతా ఎగుమతా. అది మేస్త్రీ చేతిలో పెట్టి మళ్ళీ తన లెడ్జరు ముందుకి లాక్కునేవారు. ఆఖరి బస్తా పడ్డాక మేస్త్రీ వచ్చి, బల్ల అంచు మీద వేళ్ళతో తట్టి, ‘అయిపోనాదండి’ అనేవాడు. ఇంటరప్టు, అంటే పని అయిందని ప్రాసెసరుకి అందే పిలుపు, అచ్చంగా అదే. ప్రాసెసరు కంట్రోలరుకి రాసిచ్చేదీ ఆ నాలుగు సంగతులే. అందుకని ‘కళాసీ బదిలీ’ అందాం.

మరొకరు: బాగుందమ్మా, కానీ కళాసీ ఉర్దూ ‘ఖలాసీ’ కదా?

జవాబు: అవునండీ. గుమస్తా పారసీ, మేస్త్రీ పోర్చుగీసు. అయినా మనింట్లో మాటలే అయిపోయాయి. అచ్చ తెలుగు కావాలంటే ‘దిగుమతి’, ‘ఎగుమతి’ తీసుకోండి. దిగు, ఎగు అనే మాటల్లోనే దిక్కు తెలుస్తోంది. డిస్కు నుంచి మెమరీకి దిగుమతి, మెమరీ నుంచి డిస్కుకి ఎగుమతి. రీడ్, రైట్ అంటే ఎటు నుంచి ఎటో తికమకపడే పిల్లలకి ఇది తేలిక. ఇంకొకటి కూడా చెప్పండి మాస్టారూ: మేస్త్రీ వచ్చి తట్టేదాకా షెడ్డులో సరుకు ముట్టుకోకూడదు. సగం దిగిన బఫరుని (డేటా దించుకునే మెమరీ చోటుని) చదివితే పాతా కొత్తా కలిసిపోతాయి.

మాస్టారు: చాలా సంతోషం తల్లీ. సోమవారం బోర్డు మీద ముందు ఆ చీటీయే గీస్తాను. మరి ప్రాసెసరూ, కళాసీ ఒకే బస్సు (డేటా నడిచే తీగల దారి) మీద నడవాలి కదా, ఒకరు వెళ్తుంటే ఇంకొకరు ఆగాలి. ఓడ నుంచి షెడ్డుకి పోయే దారిని మీ నాన్నగారు ఏమనేవారు?